ఇంటర్ చదివే తమ్ముడు "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గుద్ది" అంటున్నాడు, దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకోవాలి?

తెనాలి_అక్క:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

మా తమ్ముడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, విజయవాడ వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో హాస్టల్లో ఉంటాడు. టెన్త్‌లో 600కి 570 పైన వచ్చాయి, మా మావయ్య వాళ్ళు సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టించారు. ఫస్టియర్ మొదట్లో పై సెక్షన్లో వేశారు, వీకెండ్ టెస్టుల్లో తగ్గాడని కొన్నాళ్ళకి కింది సెక్షన్లోకి దించారు, అప్పట్నుంచి మనిషి మారిపోయాడు. క్రికెట్ అంటే ప్రాణం వాడికి, దసరా సెలవలకి వచ్చి బ్యాట్ ముట్టుకోలేదు, ఫ్రెండ్స్ ఇంటికొస్తే పడుకున్నానని చెప్పించాడు. నిజానికి రాత్రిళ్ళు పడుకోడు, నేను మంచినీళ్ళకి లేచినప్పుడల్లా మేలుకునే ఉన్నాడు. చిన్న మాటకే అమ్మ మీద విరుచుకుపడతాడు, ఐదు నిమిషాల తర్వాత వెళ్ళి గదిలో కూర్చుంటాడు.

అసలు విషయం ఏంటంటే నాన్న ఫీజు కోసం పొలం తాకట్టు పెట్టారని వాడికెలాగో తెలిసింది. హాస్టల్‌కి తిరిగి బస్ ఎక్కించేటప్పుడు నాతో చాలా మామూలుగా, నవ్వుతూనే, "నేను లేకపోతే మీకు ఖర్చు తగ్గిపోద్ది కదక్కా" అన్నాడు. నాకు ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు. నాన్నకి చెప్తే "చదువు తప్పించుకోడానికి బెదిరింపులమ్మా, పట్టించుకుంటే ఇంకా ఎక్కువ చేస్తాడు" అన్నారు. అమ్మేమో ఆ మాటే ఎత్తొద్దు, ఎత్తితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుద్ది అంటోంది.

నిజంగా అడిగితే ఆలోచన పెట్టినట్టేనా? అదే హాస్టల్లో అదే సెక్షన్లో ఇంకో అరవై మంది ఉన్నారు, వాళ్ళందరికీ ఇలా లేదు కదా, మరి వీడికే ఎందుకు? మనసులో ఏం జరిగితే ఒక పదిహేడేళ్ళ పిల్లాడు అంతదాకా వెళ్తాడు? గూగుల్ చేస్తే కారణాల లిస్టులు వస్తున్నాయి, చదివితే భయం పెరగడం తప్ప ఏం అర్థం కాట్లేదు.

విశాఖ_సైకాలజిస్ట్:

క్లినికల్ సైకాలజీలో పని చేస్తున్నానమ్మా, ఎక్కువగా టీనేజ్ పిల్లల్నే చూస్తాను. తమ్ముడిని చూడకుండా ఏ జబ్బు పేరూ పెట్టను. కానీ మీరు రాసినదాంట్లో నాకు ఆందోళన కలిగించింది సెక్షన్ కాదు, మార్కులు కాదు, బస్ దగ్గర అన్న ఆ ఒక్క మాట. అందుకని ముందు ఏం చేయాలో చెప్తాను, ఎందుకన్నది తర్వాత.

వీలైతే రేపే ఎవరో ఒకరు హాస్టల్‌కి వెళ్ళండి, ఫోన్లో కాదు, వార్డెన్ పక్కన నిలబడి ఉండగా ఏ పిల్లాడూ ఏం చెప్పడు. బయటికి తీసుకెళ్ళి ఏదన్నా తినిపించి నేరుగా అడగండి: "ఆ రోజు ఒక మాటన్నావ్ రా, నాకు అదే తిరుగుతోంది. నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటతోనే అడగండి. "పిచ్చిపిచ్చి ఆలోచనలేం లేవు కదా" అని అడిగారనుకోండి, లేవు అనే చెప్తాడు, ఎందుకంటే ప్రశ్నలోనే మీకు కావాల్సిన జవాబు పెట్టి అడిగారు.

అమ్మగారి భయం చాలామందికి ఉంది, అది సహజం, కానీ నిజం కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో 2005లో రెండు వేల మందికి పైగా హైస్కూల్ పిల్లలతో దీన్ని పరీక్షించారు, సగం మందిని ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగినవాళ్ళలో ఆలోచనలు పెరగలేదు. అప్పటికే డిప్రెషన్లో ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల మనసు కాస్త తేలికపడ్డట్టు కనిపించింది. మా గదిలో మేం చూసేదీ అదే, అడగ్గానే చాలామంది పిల్లలు హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదులుతారు.

అవును అంటే ఏం చేయాలి? ఏడవకండి అనను, ఏడుపొస్తే వస్తుంది, కానీ "మేం నీకేం తక్కువ చేశాం" అని మాత్రం అనొద్దు. ఎప్పట్నుంచి అనిపిస్తోంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఏదైనా చేసుకోవాలని ప్లాన్ కూడా వేసుకున్నావా అని అడగండి. ప్లాన్ ఉందంటే ఆ రోజు ఒంటరిగా వదలకుండా ఇంటికి తెచ్చేసి అదే రోజు డాక్టర్ దగ్గరికి, లేదా దగ్గర్లోని ఎమర్జెన్సీకి. ఇంట్లో ఉన్న మాత్రలు, పొలం మందులు లాంటివి ముందే తాళంలో పెట్టించండి లేదా వేరేవాళ్ళింటికి పంపించేయండి. ఇది అతి జాగ్రత్త అనుకోకండి, ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపట్లో చేతికి ఏదీ అందకపోవడమే ఎంతోమందిని కాపాడింది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. తమ్ముడే చేయాలని లేదు, వాడితో ఎలా మాట్లాడాలో తెలీక మీరు చేసినా సాయం చేస్తారు.

ఇప్పుడు వీడికే ఎందుకు అన్నది. డిప్రెషన్ ఉన్న ప్రతివాళ్ళకీ చావు ఆలోచన రాదు, వచ్చినవాళ్ళందరికీ డిప్రెషన్ ఉండదు. ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్ట్ 1970ల్లోనే ఒకటి గమనించాడు, బాధ ఎంత ఉందన్నదాని కన్నా "ఇది ఎప్పటికీ బాగుపడదు" అన్న నిరాశ ఎంత ఉందన్నదే ఈ ఆలోచనలతో ఎక్కువ ముడిపడి ఉంటుందని. తర్వాత 2005లో థామస్ జాయినర్ అనే సైకాలజిస్ట్ ఇంకో రెండు చెప్పాడు. ఒకటి నేను ఎవరికీ చెందను అనిపించడం. రెండోది నేను వీళ్ళకి బరువు, నేను పోతే వీళ్ళు సుఖపడతారు అనిపించడం. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి, ఇంక మారవు అని గట్టిపడితే అప్పుడు ఆలోచన చావు వైపు తిరుగుతుందంటాడు. మీ తమ్ముడు బస్ దగ్గర అన్నది అక్షరాలా ఆ రెండోదే. సెక్షన్ మారడంతో పాత ఫ్రెండ్స్ దూరమై ఉంటారు, అది మొదటిది. తాకట్టు సంగతి తెలిసింది, ఇది రెండోది. అదే సెక్షన్లో ఉన్న ఇంకో పిల్లాడికి ఈ రెండూ కలిసి ఉండకపోవచ్చు, లేదా ఒక మంచి రూమ్మేట్ ఉండొచ్చు, అంతే తేడా.

స్కాట్లాండ్‌లో రోరీ ఓకానర్ అనే సైకాలజిస్ట్ 2011లో చెప్పిన మాట కూడా మన హాస్టళ్ళకి బాగా సరిపోతుంది. ఓడిపోయాను అనిపించడం ఒక దశ, ఆ ఓటమి లోంచి బయటపడే దారే లేదు అనిపించడం తర్వాతి దశ, ఈ రెండోదే ప్రమాదం అంటాడు. ఓటమి అందరికీ ఉంటుంది. దారి లేదనిపించడానికి మనసులో కొన్ని అలవాట్లు సాయం చేస్తాయి. జరిగిందాన్నే రాత్రంతా తిప్పి తిప్పి ఆలోచించడం ఒకటి. సమస్యని ముక్కలుగా చేసి చూడలేకపోవడం ఒకటి, పదో క్లాసు దాకా అన్నీ సులువుగా వచ్చేసిన పిల్లల్లో ఇది నేను ఎక్కువ చూస్తాను, ఓడిపోవడం ఎలాగో వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. ఇంకోటి, అమ్మానాన్న నన్ను నంబర్ వన్‌గానే చూడాలనుకుంటారు, కాకపోతే ప్రేమ ఉండదు అన్న నమ్మకం. మీరు అలా అనకపోయినా వాడు అలా అనుకుని ఉండొచ్చు, ఫ్లెక్సీ చూసిన పిల్లాడు కదా.

నిద్ర, చిరాకు సంగతి కూడా. పెద్దవాళ్ళలో డిప్రెషన్ అంటే దిగులుగా కనిపిస్తారు, టీనేజ్ పిల్లల్లో అది చిరాకులా, కోపంలా కనిపించొచ్చు, డాక్టర్లు చూసే ప్రమాణాల్లోనే అలా రాసి ఉంది. అందుకే నాన్నగారికి అది పొగరులా అనిపిస్తోంది. నిద్ర సరిగ్గా లేకపోవడం దానంతట అదే ఒక రిస్క్.

ఇంత చెప్పాక ఒక మాట, ఇవన్నీ ఉన్న పిల్లల్లో ఎవరు ఏం చేసుకుంటారో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు. 2017లో యాభై ఏళ్ళ పరిశోధనలు, 365 స్టడీలు కలిపి చూస్తే ఏ ఒక్క రిస్క్ ఫ్యాక్టరూ బొమ్మా బొరుసా వేసినదాని కన్నా పెద్దగా మెరుగ్గా చెప్పలేదని తేలింది. కాబట్టి లిస్టు పట్టుకుని మా వాడికి నాలుగే ఉన్నాయి, పర్లేదు అనుకోవద్దు. అడగడమే దారి.

ఫిజిక్స్_మాస్టారు:

జూనియర్ లెక్చరర్‌గా చాలా ఏళ్ళు చేసి మానేశాను, కాలేజీ పేరు వద్దు. సైకాలజిస్ట్ గారు లోపలి సంగతి చెప్పారు, నేను బయటి సంగతి చెప్తా. సెక్షన్ దించడం అంటే బయటివాళ్ళకి ఏదో క్లాసు మార్పు అనిపిస్తుంది. పిల్లాడికి అది రూము మార్పు, మెస్‌లో కూర్చునే బల్ల మార్పు, మెటీరియల్ మార్పు, లెక్చరర్ మార్పు. నోటీస్ బోర్డులో పేరు ఎర్ర ఇంకుతో. పొద్దున్న ఐదింటికి లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్ అయితే ఆ అవమానం గురించి ఎవరితోనన్నా మాట్లాడుకునే టైమ్ ఎక్కడుంది చెప్పండి, ఇంటికి ఫోన్ వారానికోసారి, అదీ లైన్లో వెనక నలుగురు నిలబడి ఉండగా, వాడు "బానే ఉన్నా" అనక ఏమంటాడు.

ఇది ఇవాళ్టిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ ఈ కాలేజీల మీద రిపోర్ట్ ఇచ్చింది. ఆ తర్వాత కమిటీలు వచ్చాయి, పోయాయి, ఎర్ర ఇంకు మాత్రం అక్కడే ఉంది. 2019లో తెలంగాణ ఇంటర్ రిజల్ట్స్ గుర్తున్నాయా, తెలుగు పేపర్లో 99 వచ్చిన అమ్మాయికి సున్నా వేశారు, ఆ కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. తప్పు మెమోలో ఉంటే పిల్లలు తప్పు తమలో ఉందనుకున్నారు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేను.

పనికొచ్చేది ఒకటి చెప్తా. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ళ అమ్మాయి 2023లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ వర్తించే గైడ్‌లైన్స్ ఇచ్చింది. వంద మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి చోటా క్వాలిఫైడ్ కౌన్సెలర్ ఉండాలి, వీలైనంత వరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, అందరి ముందు అవమానించకూడదు, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టల్లో కనిపించేలా పెట్టాలి అని. మీరు వెళ్ళినప్పుడు ప్రిన్సిపాల్‌ని "మీ కౌన్సెలర్ ఎవరండీ, ఎన్నింటికి ఉంటారు" అని అడగండి. గొడవ పడక్కర్లేదు, అడగండి చాలు, ఈ కుటుంబానికి విషయం తెలుసు అని వాళ్ళకి అర్థమవుతుంది.

రాజు_గుంటూరు:

అందరూ పిల్లల్ని ముద్దు చేసి పాడు చేస్తున్నారు. మా టైమ్‌లో గోడ కుర్చీ వేయించేవాళ్ళు, బెత్తంతో వాయించేవాళ్ళు, ఇంటికొచ్చి చెప్తే ఇంకో రెండు పడేవి. మేం ఎవరం పోలేదే? ఈ ఫోన్లు వచ్చాక మొదలైంది ఇదంతా, డిప్రెషన్ ఒక ఫ్యాషన్ అయిపోయింది. వాళ్ళ నాన్న చెప్పిందే కరెక్ట్, పట్టించుకోకపోతే అదే పోద్ది.

బీటెక్_బాబు:

రాజు అంకుల్, పట్టించుకోకపోతే ఏమవుద్దో నేను చెప్తా, ఎందుకంటే నేను ఆ వైపు నుంచి వచ్చినవాణ్ణే. ఇప్పుడు బీటెక్ థర్డ్ ఇయర్. ఇంటర్‌లో నాకూ అదే ఆలోచన ఉండేది, నెలల తరబడి. ఏం చేద్దామనుకున్నానో అవి ఇక్కడ రాయను, ఎవరికీ అవసరం లేదు.

బయటికి ఎలా కనిపించానో తెలుసా, నవ్వుతూ. మెస్‌లో జోకులు వేసేవాణ్ణి. లోపల ఎలా ఉండేదంటే మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్‌లో వేసి బయట గడియ పెట్టినట్టు. చావాలని కోరిక కాదండీ అది, ఆ ఉక్క ఆగితే చాలు అనిపించడం. ఇంటికెళ్ళిపోతా అనొచ్చు, గ్రూప్ మార్చుకోవచ్చు, సప్లీ రాయొచ్చు, ఇవన్నీ ఇప్పుడు తెలుస్తున్నాయి, అప్పుడు ఒక్కటి కూడా దారిలా కనపడలేదు, పైన సైకాలజిస్ట్ గారు ఓకానర్ అని ఎవరి గురించో రాశారు కదా, చదువుతుంటే ఈయనకి నా హాస్టల్ రూమ్ ఎలా తెలుసు అనిపించింది.

ఎవరన్నా కనిపెడతారేమోనని చిన్న చిన్న మాటలు వదిలేవాణ్ణి. "నా కాలిక్యులేటర్ నువ్వే ఉంచుకో రా" అనేవాణ్ణి. ఎవరూ పట్టించుకోకపోతే చూశావా, నిజమే, నువ్వు ఎవరికీ అక్కర్లేదు అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. పట్టించుకోకపోవడం వల్ల పోయేది అది కాదు అంకుల్.

మా బాబాయ్ ఒకసారి చూడ్డానికొచ్చి, ఆయన లారీ డ్రైవర్, ఆయనకి సైకాలజీ ఏం తెలీదు, చాయ్ తాగుతూ "ఏరా, చచ్చిపోదామనుకుంటున్నావా ఏంటి, మొహం అలా ఉంది" అన్నాడు. అంతే, భోరుమని ఏడ్చేశా. ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు, నా బట్టలు సర్ది లారీ ఎక్కించుకుని ఇంటికి తీసుకొచ్చాడు. తర్వాత డాక్టరు, మందులు, కౌన్సెలింగు, ఒక సంవత్సరం వేస్ట్ అయిందని చుట్టాల గోల, అవన్నీ ఉన్నాయి. అంతా ఒక్క రోజులో బాగైపోయిందని చెప్పను, ఇప్పటికీ సెమ్ ముందు నిద్ర పట్టకపోతే జాగ్రత్త పడతా, నా ఫ్రెండ్ ఒకడికి ముందే చెప్పి ఉంచుకున్నా.

అక్కా, మీరు వెళ్ళండి. నాన్నని ఒప్పించాక వెళ్దాం అని ఆగొద్దు.

విశాఖ_సైకాలజిస్ట్:

రాజు గారూ, మీ టైమ్‌లో కూడా పోయారండీ, లెక్క తెలిసేది కాదు, కడుపునొప్పి అనో ఇంకేదో అనో చెప్పేవాళ్ళు. ఇప్పటి లెక్క చూస్తే, ఇలాంటి మరణాల లెక్కలు రాసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీఆర్‌బీ ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్యతో చనిపోయిన విద్యార్థులు 13,044 మంది. ఇంకోటి, చిన్నప్పుడు దెబ్బలు తినడం, అవమానాలు, ఇంట్లో గానీ బయట గానీ లైంగిక వేధింపులకి గురవడం, ఇవి టీనేజ్‌లో ఈ ఆలోచనలకి బాగా బలమైన రిస్కులు. తట్టుకున్నవాళ్ళు ఉన్నారు, నిజమే, తట్టుకోలేకపోయినవాళ్ళు ఇక్కడికొచ్చి కామెంట్ పెట్టలేరు కదా.

ఫోన్ గురించి మీరన్నది పూర్తిగా కొట్టిపారేయను. రాత్రి నిద్ర తినేస్తుంది, ఆన్‌లైన్లో ఏడిపించడం ఉంది, అది ఏడిపించేవాడికి, ఏడ్చేవాడికి ఇద్దరికీ రిస్కే. కానీ ఈ పిల్లాడి చేతిలో అసలు ఫోనే లేదు.

బాబూ, రాసినందుకు థాంక్స్. కాలిక్యులేటర్ మాట అందరూ గమనించాలి. ఇష్టమైన వస్తువులు పంచేయడం, ఉన్నట్టుండి అందరికీ సారీలు చెప్పడం, చాలా రోజుల దిగులు తర్వాత కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా కనపడటం, ఇవి చూస్తే ఆగకూడదు.

కరీంనగర్_అమ్మ:

నాకొక డౌట్ ఉన్నది సార్. మా బిడ్డ నైన్త్ చదువుతది, హాస్టల్ కాదు, ఇంట్లనే ఉంటది. మార్కులు మంచిగనే వస్తయ్. మొన్న పొడుగు చేతుల డ్రెస్సే వేసుకుంట అని పట్టుపడితే అనుమానమొచ్చి చూసిన, చేతి మీద గీతలు ఉన్నయ్, తనే చేసుకున్నదట. అడిగితే "చావాలని కాదు మమ్మీ, మనసుల బాధ ఆగుతలేదు, గట్ల చేస్తే కొద్దిసేపు ఆగుతది" అన్నది. స్కూల్ల ఆడపిల్లల గ్రూపు ఒకటి ఉండెనట, దాన్ని గ్రూపుల నుంచి తీసేసి నల్లగున్నవ్ అని, లావున్నవ్ అని పేర్లు పెడుతున్నరట. మా ఇంటాయనకు ఇంక చెప్పలే, చెప్తే దాన్నే కొడ్తడేమో అని భయం. చావాలని లేదు అంటున్నది కద, మరి ఇది వేరేనా, లేక ఇదీ అదేనా?

విశాఖ_సైకాలజిస్ట్:

అమ్మా, పాప అబద్ధం చెప్పట్లేదు, చాలామంది పిల్లలు ఆ బాధని ఆపుకోడానికే చేస్తారు, చావాలని కాదు. మనసులో వచ్చిన ఉప్పెనని తగ్గించుకునే ఇంకో దారి తెలియక అది చేస్తారు. ఈ వయసులో మెదడులో కోపం, అవమానం, బాధ పుట్టే భాగం బాగా ఉరకలేస్తుంటుంది, వాటికి కళ్ళెం వేసే మెదడు ముందు భాగం పూర్తిగా తయారవ్వడానికి ఇరవై దాటి మరికొన్నేళ్ళు పడుతుంది.

కానీ వేరే కదా అని వదిలేయడానికి లేదు. ఇలా పదే పదే చేసుకునే పిల్లల్లో ముందు ముందు ఆత్మహత్య ప్రయత్నం రిస్క్ పెరుగుతుంది. ఒకటి, నొప్పికి, భయానికి అలవాటు పడిపోతారు. రెండోది, లోపలున్న బాధ అలాగే ఉంటుంది. కాబట్టి కొట్టడం, ప్రామిస్ చేయించుకోవడం, ప్రతిరోజూ చేతులు చెక్ చేయడం వద్దు, దాచడం పెరుగుతుంది. "నాకు చెప్పినందుకు మంచిపని చేశావ్" అని చెప్పండి, పిల్లల సైకియాట్రిస్ట్‌కో సైకాలజిస్ట్‌కో చూపించండి. మీకు కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనే సైకియాట్రీ ఓపీ ఉంటుంది, పెద్ద కేసైతే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది, ఆ పేరు చెప్తే జనం నవ్వుతారు గానీ అక్కడ మంచి డాక్టర్లున్నారు. స్కూల్లో ఏడిపిస్తున్న సంగతి క్లాస్ టీచర్‌తో మీరే మాట్లాడండి, పాపని ఆ పిల్లల ముందు నిలబెట్టి పంచాయితీ మాత్రం చేయనివ్వకండి. ఇంట్లో ఎవరన్నా కొడతారన్న భయం పాపకి నిజంగానే ఉంటే 1098కి కూడా చేయొచ్చు, అది పిల్లల హెల్ప్‌లైన్.

న్యూజెర్సీ_రమణ:

ఇక్కడ మన తెలుగు పిల్లల్లోనూ ఇదే ఉందండీ, హాస్టల్ లేదు గానీ మనమే ఇంట్లో హాస్టల్ పెట్టేశాం. మా ఫ్రెండ్స్ సర్కిల్లో ఏ పార్టీకెళ్ళినా ఏ కాలేజీలో సీటొచ్చిందన్నదే టాపిక్, పక్క గదిలో పిల్లలు వింటూ ఉంటారు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇలాంటి సాయం కోసం నంబర్ 988, ఫోన్ చేయొచ్చు, మెసేజ్ కూడా పెట్టొచ్చు, 2022 నుంచి ఉంది.

తెనాలి_అక్క:

అందరికీ థాంక్స్ అండీ, నిన్న వెళ్ళొచ్చాను. అమ్మని తీసుకెళ్ళలేదు, నేనే వెళ్ళా. బెంజ్ సర్కిల్ దగ్గర టిఫిన్ తినిపించి మీరు చెప్పినట్టే అడిగేశా, అడిగేటప్పుడు నా గొంతే వణికింది. చాలాసేపు ఇడ్లీ ముక్కలు చేస్తూ కూర్చున్నాడు, తర్వాత అవునక్కా అన్నాడు. ప్లాన్ ఏం లేదట, కానీ రోజూ వస్తోందట, ముఖ్యంగా ఆదివారం టెస్ట్ అయి ర్యాంక్ షీట్ అంటించాక. తాకట్టు సంగతి నాన్న ఎవరితోనో ఫోన్లో అంటుంటే విన్నాడట. "వడ్డీ లెక్కేసుకున్నాను అక్కా, నాకు సీటు రాకపోతే ఎన్నేళ్ళు కట్టాలో" అని వడ్డీ లెక్క చూపించాడు నోట్స్ వెనక పేజీలో. ఫిజిక్స్ నోట్స్ వెనక!

ఇంటికి తెచ్చేశాను. వార్డెన్ జ్వరమా అంటే అవునన్నా. నాన్నకి ఆ పేజీ చూపించా, చూసి ఏం మాట్లాడలేదు, బయటికెళ్ళి కూర్చున్నారు, ఇంకా వాడితో మాట్లాడలేదు, ఏం మాట్లాడాలో తెలీట్లేదు ఆయనకి. 14416కి చేశాను, ఒకమ్మాయి చాలాసేపు మాట్లాడింది, గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీకి తీసుకెళ్ళమంది, రేపు వెళ్తున్నాం. అమ్మ భయమేంటంటే మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలేమో, రేపు ఉద్యోగానికి అడ్డమేమో, పోలీసు కేసు ఏదన్నా అవుద్దేమో అని. మళ్ళీ హాస్టల్‌కి పంపాలా వద్దా అన్నది కూడా తేలట్లేదు.

విశాఖ_సైకాలజిస్ట్:

మంచి పని చేశారమ్మా. పోలీసు కేసు సంగతి ముందు చెప్తాను, ఆలోచన రావడం నేరం కాదు, ఎప్పుడూ కాదు. ప్రయత్నం చేసినవాళ్ళని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలి, శిక్షించకూడదు, వాళ్ళకి వైద్యం ఇప్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది అని 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్లో ఉంది. చట్టంలో ఉన్న కొన్ని మినహాయింపులు తప్ప, ఆసుపత్రి కాగితాలు బయటివాళ్ళకి చూపించే హక్కు కూడా ఎవరికీ లేదు.

మందులు అవసరమా కాదా అన్నది రేపు డాక్టర్ చూసి చెప్తారు, ఈ వయసులో చాలామందికి మాట్లాడే చికిత్సతోనే మొదలుపెడతారు. ఇచ్చినా జీవితాంతం అని కాదు. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, డిప్రెషన్ మందులు మొదలుపెట్టిన మొదటి కొన్ని వారాల్లో కొద్దిమంది పిల్లల్లో అశాంతి, ఈ ఆలోచనలు కాస్త పెరగొచ్చు, అమెరికాలో 2004 నుంచి ఆ మందుల సమాచార పత్రంలోనే హెచ్చరిక వేస్తున్నారు. అలాగని మందు చెడ్డదని కాదు, ఆ వారాల్లో దగ్గరుండి చూసుకోవాలని, అటూ ఇటూ అయితే డాక్టర్‌కి ఫోన్ చేయాలని. మీ అంతట మీరు మధ్యలో ఆపేయొద్దు.

రేపు డాక్టర్‌తో ఒక కాగితం మీద రాయించుకోండి. ఆలోచన ఎక్కువైనప్పుడు ముందుగా వాడికి ఎలాంటి సూచన కనపడుతుంది, అప్పుడు ఒక్కడే చేయగలిగింది ఏంటి, ఎవరి దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అని. వాడి మాటల్లోనే రాయాలి, మీ మాటల్లో కాదు. ఆదివారం ర్యాంక్ షీట్ టైమ్ అని వాడే చెప్పాడు కాబట్టి మొదటి లైన్ దొరికినట్టే.

నాన్నగారు వాడితో పెద్దగా ఏం మాట్లాడక్కర్లేదు. తాకట్టు లెక్క ఆయన చూసుకుంటారని, సీటుకి దానికి సంబంధం లేదని ఆ ఒక్క మాట ఆయన నోటితో అంటే చాలు, మీరు చెప్తే అది సరిపోదు. మాటలు రాకపోతే రేపు గుంటూరుకి ఆయన్నే బండి మీద తీసుకెళ్ళమనండి.

హాస్టల్ గురించి ఈ వారంలో తేల్చకండి, డాక్టర్ రెండు మూడు సార్లు చూశాక నిర్ణయించుకోవచ్చు. చాలామంది సెకండియర్ మధ్యలో డే స్కాలర్‌గా మారతారు, టీసీ గొడవ లేకుండా అయ్యే పనే అది, ఫీజు వెనక్కి వస్తుందా రాదా అన్నది వేరే సంగతి. ఆ లెక్క మాత్రం వాడి ముందు మాట్లాడకండి.

కరీంనగర్_అమ్మ:

సార్ మీరు చెప్పినట్టు టీచర్‌తోని మాట్లాడిన, సోమవారం రమ్మన్నది. ఇంటాయనకు కూడా చెప్పిన, కొట్టలే, కానీ మూడు దినాలైంది, అన్నం సరిగ్గ తింటలేడు. పిల్లతోని పాటు ఆయన్ను కూడా డాక్టర్‌కు చూపించాల్నా ఏంది?

విశాఖ_సైకాలజిస్ట్:

తీసుకెళ్ళండమ్మా, ఒకే ఓపీ చీటీ మీద కాదు గానీ ఒకే రోజు తీసుకెళ్ళండి. పాప డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడేటప్పుడు మాత్రం మీరిద్దరూ బయట కూర్చోండి.